దానంతట అదే

మార్చి 9

ఈ రోజు కూర్చోబెట్టారు. ఛాతీకి అడ్డంగా పట్టీ కట్టి, రెండు పక్కలా దిళ్లు దోపారు. మా ఉడత తన పరీక్షల అట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పదేళ్ల పిల్ల, కాలు ఒకచోట నిలవదు కనుక ఇంట్లో అందరికీ ఉడతే. "చేతులు బాగానే ఉన్నాయిగా నాన్నా, ఏదో ఒకటి రాసుకో" అంది.

చేతులు బాగానే ఉన్నాయి. ఛాతీ దాకా నేనే. అక్కడి నుంచి కిందికి ఎవరో ఉన్నారు. నర్సు పక్కకు తిప్పుతుంటే కాళ్లు తడిబట్టల మూటల్లా పడుతున్నాయి. డాక్టరు రబ్బరు సుత్తితో మోకాలి మీద కొడతాడు, పెదవి విరుస్తాడు, వెళ్లిపోతాడు. రోజూ ఇదే.

ఇన్నేళ్లు డ్రైవింగ్ నేర్పాను. నేర్చుకునేవాడు స్టీరింగు ముందు, నేను పక్క సీట్లో, నా కాలి కింద ఇంకో బ్రేకు. వాడు తప్పు చేయబోతున్నాడని నాకంటే ముందు నా కుడికాలికి తెలిసేది. ఆ రోజూ తెలిసింది. బ్రేకు నొక్కేలోపే కల్వర్టు వచ్చింది. స్టీరింగు పట్టుకున్న లెక్కల మాస్టారికి నుదుటి మీద చిన్న గీత.

మార్చి 17

కదిలింది.

పొద్దున డాక్టరు సుత్తి పిడితో నా కుడి అరికాలు గీశాడు, మడమ నుంచి వేళ్ల వైపు. బొటనవేలు నెమ్మదిగా పైకి లేచింది. నా కళ్లతో చూశాను. మిగతా వేళ్లు విసనకర్రలా విచ్చుకున్నాయి. నాకేమీ తెలియలేదు కానీ చూశాను. "సార్, చూశారా" అన్నాను.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. డాక్టర్లు కూర్చుంటే మంచిది కాదని ఈ కొద్ది రోజుల్లో నేర్చుకున్నాను.

"పెద్దవాళ్లకి అరికాలు గీస్తే బొటనవేలు కిందికి ముడుచుకోవాలి. పైకి లేచేది నెలల పిల్లలకే. వాళ్లకి మెదడు అదుపు ఇంకా కిందిదాకా రాదు కాబట్టి. మీకు వచ్చిన అదుపు పోయింది కాబట్టి."

"మరి ఇన్నాళ్లూ కదల్లేదు కదండీ."

"దెబ్బకి వెన్నుపాము నిర్ఘాంతపోయి ఊరుకుంది. ఇప్పుడు దెబ్బకి కిందనున్న ముక్క తేరుకుంటోంది. అది బతికే ఉంది. పైనుంచి మాట అందడం లేదు, అంతే. ఎవరు తాకినా, దుప్పటి లాగినా, దానికి తోచినట్టు అది కదుల్తుంది. ముందు ముందు ఇంకా ఎక్కువవుతుంది. తన్నుతుంది, బిగుసుకుంటుంది, గడగడలాడుతుంది. అది చూసి నడక వస్తోంది అనుకోకండి."

"అసలు రాదా?"

"స్కాన్‌లో చూసినదాన్ని బట్టి, రాదు" అన్నాడు. తర్వాత, "మీ ఆవిడకి నేను చెప్పనా?"

"వద్దండీ. నేనే చెప్పుకుంటాను."

ఆవిడ మందుల షాపు నుంచి వచ్చేసరికి చెమటతో తడిసిపోయి ఉంది. కళ్లజోళ్ల షాపులో సగం రోజు పనిచేసి, సగం రోజు ఇక్కడ. కళ్ల కింద నలుపు. కూర్చోగానే గోడకు తల ఆనించి అలాగే కునికింది. ఇప్పుడెలా చెప్పను. రేపు చెప్తాను.

మార్చి 18

చెప్పలేదు.

మార్చి 22

ఈ రోజు నేను చేసిన పని రాయకుండా ఉందామనుకున్నాను.

మాస్టారు వచ్చారు. ప్రమాదం తర్వాత ఇదే మొదటిసారి. రిటైరయ్యాక, మనవరాలిని స్కూలుకు తనే దింపాలని ముచ్చటపడి డ్రైవింగుకు వచ్చిన మనిషి. నాకంటే పాతికేళ్లు పెద్ద అయినా నన్ను 'గురువుగారూ' అనేవారు. మొదట్లో వేళాకోళం, తర్వాత అలవాటు. గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. మనిషి సగమయ్యారు. చొక్కా భుజాల మీంచి వేలాడుతోంది.

"రండి మాస్టారూ."

"నాకు మొహం చెల్లలేదు గురువుగారూ. రోజూ ఆస్పత్రి గేటు దాకా వస్తున్నాను, వెనక్కి పోతున్నాను."

"కూర్చోండి ముందు."

కూర్చోలేదు. "ఆ రోజు నేను బ్రేకే తొక్కాననుకున్నాను. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. అన్నం దగ్గర కూర్చుంటే గుర్తొస్తుంది. లేచిపోతాను. మా ఆవిడ భయపడుతోంది. నిజం చెప్పండి, మీరు మళ్లీ…"

ఆ మాట పూర్తి చేయలేకపోయారు. ఆయన గడ్డం వణుకుతోంది. నేను ఏం చెప్పాలి? నా చెయ్యి దుప్పటి కింద ఉంది. తొడ లోపలి వైపు గిల్లితే మోకాలు పైకి ముడుచుకుంటుందని రెండు రోజుల కిందట, నర్సు ఒళ్లు తుడుస్తున్నప్పుడు చూశాను.

"ఇలా చూడండి మాస్టారూ" అన్నాను. గిల్లాను.

మోకాలు దుప్పటిని గుడారంలా ఎత్తింది. కాసేపు అలాగే ఉండి పడింది.

పెద్దాయన రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చారు. ఆయన బాధ పోవాలని చేశాను. అందుకే చేశాను. అంతేనా? ఆయన ఏడుస్తుంటే నాకు గర్వంగా కూడా అనిపించింది. ఏదో సాధించినవాడిలా దిండుకు ఆనుకున్నాను.

ఆయన కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లి, వరండాలో మా ఆవిడకు చెప్పేశారు. అది నేను ఊహించలేదు. ఊహించలేదంటే నమ్మేదెవరు? ఆవిడ చెప్పులు జారిపోతుంటే పరుగెత్తుకొచ్చింది.

"ఏదీ, ఏదండీ, నాకు చూపించండి."

"ఇప్పుడు అలసిపోయాను."

"ఒక్కసారి. ఒక్కసారే."

చూపించాను.

ఆవిడ నా పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చెంపకు ఆనించుకుంది. నేను ఫ్యాను వైపు చూశాను.

మార్చి 23

ఆవిడ ఈ రోజు కడుపునిండా తిందని ఉడత చెప్పింది. మంచిదే కదా. ఈ మాత్రం మంచి జరుగుతున్నప్పుడు తొందర ఏముంది?

ఏప్రిల్ 6

ఇంటికి వచ్చాను. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మా డ్రైవింగ్ స్కూలు షెడ్డులో పనిచేసే ఇద్దరు నన్ను కుర్చీతో సహా ఎత్తి పైకి తెచ్చారు. మలుపు దగ్గర కుర్చీ అంచు గోడకు తగిలి నా కాళ్లు రెండూ ఒక్కసారి ముందుకు తన్నుకున్నాయి. ముందున్నవాడి పొట్టలో తగిలింది. "అన్నకి బలం తగ్గలేదురోయ్" అని నవ్వాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ అందరికంటే ఎక్కువ నవ్వింది.

డ్రైవింగ్ స్కూలు ఓనరు కూడా వచ్చాడు. ఆఫీసు వెనక రెండు గదుల పోర్షను ఖాళీగా ఉందట. కింద భాగం, మెట్లు లేవు, బళ్లు ఎక్కించడానికి కట్టిన వాలు ఉంది. "మీరు అందులోకి వచ్చేయండి. కుర్చీలోనే బయటికి రావచ్చు, ఆఫీసులో కూర్చుని కొత్తవాళ్లకి రూల్సు క్లాసు చెప్పొచ్చు. మనిషికి కాలక్షేపం" అన్నాడు. మంచివాడు.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అంది: "ఎందుకన్నయ్యా అంత శ్రమ? వర్షాలు పడే టైముకి ఈయనే మెట్లు దిగి మీ ఆఫీసుకి వస్తారు. కాళ్లు కదులుతున్నాయి, మీరు చూడలేదా?"

ఓనరు నా వైపు చూశాడు. నేను నీళ్లు అడిగాను.

ఏప్రిల్ 12

మంగళవారం, శుక్రవారం ఫిజియో అమ్మాయి వస్తుంది. ఈ రోజు మొదటిసారి వచ్చింది. మా ఆవిడ షాపుకు వెళ్లాక, ఉడత స్కూలుకు వెళ్లాక. చిన్న వయసు, గట్టి చేతులు. కాళ్లు వంచి, చాచి, కుడి పాదాన్ని చటుక్కున పైకి నెట్టి పట్టుకుంది. పాదం కుట్టుమిషనులా టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా కిందికి అదిమితే ఆగింది.

"ఇది ఉంటుంది. భయపడకండి, ఆశపడకండి" అంది. రోజూ అనే మాటలా ఉంది.

"ఇంట్లో ఎవరికైనా చూపించి నేర్పాలి. కండరాలు బిగిసిపోకుండా రోజూ సాగదీయాలి. ఇంకోటి, వేడి వస్తువులు కాళ్ల దగ్గరికి రానివ్వకండి. మీకు తెలియదు కదా, కాలిపోతుంది. ఆ కాళ్లు మీవే కానీ కబురు మీదాకా రాదు. ఇవన్నీ మేడమ్‌కి చెప్పాలి, ఎప్పుడుంటారు?"

"నేను చెప్తానులే."

"ఆవిడకి మొత్తం తెలుసా?"

నేను కిటికీ వైపు చూశాను. ఆ అమ్మాయి చేతులు ఆగిపోయాయి.

"నేనే చెప్పుకుంటానమ్మా. కొంచెం టైమియ్యి."

"అది మీ ఇంటి విషయం సార్. కానీ త్వరగా చెప్పండి" అంది.

వేడి గురించి చెప్పాలంటే ఎందుకు తగలకూడదో చెప్పాలి. ఎందుకో చెబితే అంతా చెప్పినట్టే. సరే, సమయం చూసి రెండూ కలిపి చెప్తాను.

ఏప్రిల్ 15

ఇది రాయాలా?

ఆవిడ తడిగుడ్డతో నాకు ఒళ్లు తుడుస్తోంది. తలుపు వేసి ఉంది. నడుము కింద తుడుస్తున్నప్పుడు నా ఒళ్లు మగవాడి ఒళ్లులా స్పందించింది. నాకు తెలియదు. ఆవిడ చెయ్యి ఆగితే తల వంచి చూశాను. అది కూడా అంతే, కాలు లాంటిదే. గుడ్డ తగిలింది కాబట్టి. ఆ సమయంలో నేను ఉడత స్కూలు బస్సు గురించి ఆలోచిస్తున్నాను.

ఆవిడ మొహం ఎర్రబడింది. పెళ్లయిన కొత్తల్లో చూసిన నవ్వు. ఇంత కష్టంలో ఆ నవ్వు దాచుకోవడానికి కింది పెదవి పంటితో నొక్కింది. "సిగ్గు లేదు మీకు" అని మెల్లగా అంది.

నేనూ నవ్వాను. నవ్వవలసిన చోట నవ్వాను.

ఆవిడ గది బయటికి వెళ్తూ కూనిరాగం తీసింది. నేను దిండులో మొహం పెట్టుకోవాలనుకున్నాను. తిరగలేను.

ఏప్రిల్ 17

ఉడత కింది అంతస్తు పిల్లల్ని తీసుకొచ్చింది. నలుగురో అయిదుగురో మంచం చుట్టూ నిలబడ్డారు.

"మా నాన్న కాలు కదిలిస్తాడు చూడండి. నాన్నా, కానియ్."

కానిచ్చాను. ఒకడు చప్పట్లు కొట్టాడు. "ఇంకోటి?" అన్నాడు. ఇంకోటీ చేశాను. ఆడించేవాడినీ నేనే, ఆడేదీ నేనే.

పిల్లలు వెళ్లాక ఉడత మంచం అంచున కూర్చుని అడిగింది. "కాలు కదిలించేటప్పుడు నీ చెయ్యి దుప్పట్లో ఎందుకుంటుంది?"

"దురదగా ఉందమ్మా."

"ఎక్కడ?"

"తొడ మీద."

"తెలుస్తోందా నీకు, దురద?"

తెలుస్తోంది అన్నాను. పిల్ల వంటింట్లోకి పరుగెత్తి, వాళ్ల అమ్మకు ఆ మాట కూడా చేరవేసింది. 'నాన్నకి దురద తెలుస్తోందంట' అని.

ఏప్రిల్ 26

ఫిజియో అమ్మాయి ఈ రోజు పని పూర్తయ్యాక వెళ్లకుండా నిలబడింది.

"చెప్పారా?"

"లేదు."

"సార్, నేను అబద్ధంలో భాగస్తురాలినవుతున్నాను. మీకు మెట్లు లేని ఇల్లు కావాలి, చక్రాల కుర్చీ నేర్చుకోవాలి, బయటికి వెళ్లాలి. మీరేమో ఈ మంచం మీద కాలు ఎగరేస్తూ కూర్చున్నారు. వచ్చే మంగళవారం దాకా చూస్తాను. ఆ రోజు మేడమ్‌ని సెలవు పెట్టమని నేనే ఫోన్ చేస్తాను."

తల కొట్టేసినట్టయింది. నాకంటే ఎంతో చిన్న పిల్ల చేత చెప్పించుకున్నాను. కోపం కూడా వచ్చింది. తను రోజూ ఇంటికి వెళ్తుంది, రెండు కాళ్ల మీద. తనకేం తెలుసు నా ఇంట్లో ఆ నవ్వు విలువ అనుకున్నాను. అన్నం తినే దాకా ఆ కోపంతోనే గడిపాను. కోపంగా ఉన్నంతసేపూ సిగ్గు లేదు.

సాయంత్రం ఓనరు ఫోన్ చేశాడు. పోర్షను ఎవరో అడుగుతున్నారట, ఏం చెప్పమంటారని. ఆవిడ, "వాళ్లకే ఇచ్చేయండన్నయ్యా" అంది. నేను పక్కనే ఉన్నాను. ఫోనుకూ నాకూ మధ్య చెయ్యెడు దూరం.

ఏప్రిల్ 28

రేపు.

మే 1

ఆదివారం. ఆవిడకు సెలవు. ఇల్లు కడిగి, నా కాళ్ల దగ్గరికి వచ్చి పాదాలు పట్టుకుంది.

"ఎంత చల్లగా ఉన్నాయండీ. రక్తం సరిగ్గా ఆడటం లేదు. పక్కింటి పిన్నిగారు వేడినీళ్ల కాపడం పెట్టమన్నారు, నరాలు తొందరగా మేల్కొంటాయంట."

"వద్దులే."

"ఎందుకొద్దు?"

"ఉక్కగా ఉంటుంది."

"పాదాలకి ఉక్కేమిటి, మీ సాకులు మీరూనూ. వేడెక్కువైతే చెప్పండి, తీసేస్తాను." రబ్బరు సంచి తువ్వాలులో చుట్టి మడమల కింద పెట్టింది.

వేడెక్కువైతే చెప్పండి అంది. నేను చెప్తాను కదా అని వెళ్లి బట్టలు ఉతుక్కుంది. నేను పేపరు చదివాను. తువ్వాలు ఉందిగా అనుకున్నాను. ఆవిడ ముందు చేతి మీద పెట్టుకుని చూసిందిగా అనుకున్నాను.

కాళ్లు మధ్యలో రెండుసార్లు ముడుచుకున్నాయి. ఆవిడ చూసి సంతోషించింది. "చూశారా, పని చేస్తోంది."

మే 2

కాళ్లు ఈ రోజు ఆగడం లేదు. ఎవరూ ముట్టుకోకుండానే ఎడమకాలు తన్నుతోంది, వెంటనే కుడికాలు. పొట్ట కూడా బిగుసుకుంటోంది. ఒకసారైతే మంచం మీంచి జారిపోబోయాను. ఆవిడ ఫోనులో వీడియో తీసి వాళ్ల అక్కకు పంపింది. వెనక నుంచి ఆవిడ గొంతు వినబడుతుంది అందులో: "కాపడం పెట్టిన మర్నాటికే చూడక్కా."

నాకు చూపించింది. మంచం మీద నేను ఉన్నాను, కాళ్లు తన్నుతున్నాయి. నా మొహం ఎవరిదో పెళ్లికి వచ్చినవాడిలా ఉంది.

మే 3

తల పగిలిపోతోంది. మొహమంతా చెమట. మెడ దాకా మంట. ఆవిడ షాపుకు వెళ్లకుండా తడిగుడ్డ

మే 6

ఆస్పత్రి నుంచి రాస్తున్నాను. పాత వార్డే, కిటికీ వైపు మంచం.

మంగళవారం ఫిజియో అమ్మాయి వచ్చేసరికి నాకు కళ్లు మసకలు కమ్ముతున్నాయి. గుండె తలలో కొట్టుకుంటున్నట్టు ఉంది. మా ఆవిడ నుదుటి మీద తడిగుడ్డ వేసి, "కాళ్లకి శ్రమెక్కువై వేడి చేసిందమ్మా, బాగా కదిలిస్తున్నారు రెండు రోజుల్నుంచి" అంది.

ఆ అమ్మాయి సంచి కింద పడేసింది. నన్ను లేపి నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు మంచం కిందికి దించింది. ఛాతీ పట్టీ విప్పింది. మూత్రం గొట్టం ఎక్కడైనా మడత పడిందేమో చూసింది. లేదు. బీపీ చూసింది. తర్వాత, పాదాలు చల్లబడకుండా తొడిగిన మేజోళ్లు లాగింది.

ఎడమ మడమ మీద పెద్ద బొబ్బ. చిట్లి, చుట్టూ చర్మం తెల్లబడి ఉంది. రెండు రోజులుగా మేజోడు కింద ఉంది అది.

"ఇదెలా అయింది?"

మా ఆవిడ చేతిలోని తడిగుడ్డ నేల మీద పడింది. "నేను… కాపడం… ఈయన చెప్తారనుకున్నాను. ఎక్కువైతే చెప్పమన్నాను."

"ఆయనకి తెలియదు మేడమ్. ఎప్పటికీ తెలియదు. తెలియదు కాబట్టే ఒళ్లు ఇంకో దారిలో మొత్తుకుంటోంది. కాళ్లు అంత తన్నింది కాలినందుకు. ఈ తలపోటు, ఈ చెమట అన్నీ దానికే. బీపీ ఇంకా పెరిగితే ప్రాణం మీదికొస్తుంది." ఫోను తీసి అంబులెన్సుకు చేస్తూ, ఆ అమ్మాయి నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు ఎలాంటిదో రాయను.

దారంతా ఆవిడ ఒకే మాట. "నేనే కాల్చాను. చేతులారా నేనే కాల్చాను." అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని తలకేసి కొట్టుకుంది. నేను అప్పుడు కూడా చెప్పలేదు. నా తలలో సుత్తులు పడుతున్నాయి, నిజమే. కానీ నోరు బాగానే ఉంది.

ఈ రోజు చెప్పాను. మధ్యాహ్నం కట్టు మార్చి వెళ్లారు. ఆవిడ మడమ వైపు చూడలేక గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆ వీపు చూస్తూ చెప్పాను. డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్న దగ్గర నుంచి మొదలుపెట్టి, వేడి తగలనివ్వొద్దన్న మాట దాకా. గిల్లడం కూడా చెప్పాను. కాళ్లు ఎలా కదులుతాయో, అందులో నా ప్రమేయం ఎంత లేదో చాలా వివరంగా చెప్పాను.

ఆవిడ తిరగలేదు. గోడ వైపు చూస్తూనే అడిగింది.

"మాస్టారు వచ్చిన రోజుకి మీకు తెలుసా?"

"తెలుసు."

"నేను ఇల్లు వద్దన్న రోజుకి?"

"తెలుసు."

"ఒళ్లు తుడిచిన రోజుకి?"

తల ఊపాను. ఆవిడ నా వైపు చూడకపోయినా ఊపానని తెలిసింది. లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది. పైట భుజం చుట్టూ కప్పుకుంది, పరాయి మగవాడు గదిలో ఉన్నట్టు.

మే 7

భోజనం తెచ్చింది. పెట్టింది. తీసింది.

మే 9

మాట్లాడలేదు.

మే 16

ఇంటికి వచ్చాం. మళ్లీ ఇద్దరు మనుషులు, మళ్లీ మెట్లు. ఈసారి కాలు తన్నితే ఎవరూ నవ్వలేదు.

ఓనరు పోర్షను టైర్ల గోడౌనుకు ఇచ్చేశాడట. ఆవిడ వెళ్లి అడిగింది. "ముందే చెప్పాల్సిందమ్మా" అన్నాడట ఆయన. ఆవిడ ఏం సమాధానం చెప్పిందో నాకు చెప్పలేదు. నా పరువు కాపాడి ఉంటుంది. అది తలుచుకుంటే ఇంకా చిన్నబోతున్నాను. షాపు నుంచి వచ్చేటప్పుడు వీధివీధీ తిరిగి, మెట్లు లేని ఇల్లు వెతుకుతోంది. ఇంటికి వచ్చాక చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటుంది. నేను చూడటం చూసి లోపలి గదిలోకి వెళ్తుంది.

మే 24

ఫిజియో అమ్మాయి ఆవిడకు సాగదీయడం నేర్పింది. ఈ రోజు మొదటిసారి ఆవిడే చేసింది. మడమ తగలకుండా కింద దిండు పెట్టి, మోకాలు వంచి, నెమ్మదిగా చాచి. ఒళ్లంతా కళ్లు చేసుకుని చేసింది.

నాలుగోసారి చాస్తుండగా కుడికాలు ఎగిరి ఆవిడ గడ్డం కింద తన్నింది. పళ్లు టకామని కొట్టుకున్న శబ్దం వినబడింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది.

"అయ్యో, తప్పయింది, తప్పయింది, క్షమించు" అన్నాను.

ఆవిడ కొంగుతో పెదవి ఒత్తుకుంటూ నన్ను చూసింది. ఆస్పత్రి తర్వాత నేరుగా చూడటం ఇదే.

"కాలు చేసినదానికి క్షమాపణ చెప్తున్నారు. అది మీ చేతిలో లేదని నాకు తెలుసు. నోరు మీ చేతిలోనే ఉందిగా. దానికి ఒక్కసారైనా చెప్పారా?"

ఆలోచించాను. ఆ రోజు ఆస్పత్రిలో అన్నీ చెప్పాను. వెన్నుపాము గురించి చెప్పాను, మాస్టారి గడ్డం వణకడం గురించి చెప్పాను, ఆవిడ అన్నం తిన్నదన్న సంతోషం గురించి చెప్పాను. ఆ మాట మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాను. ఆవిడ నా కాలు మళ్లీ పట్టుకుని, ఆగిన చోటి నుంచి మొదలుపెట్టింది.

మే 31

ఇల్లు దొరికింది. డ్రైవింగ్ స్కూలు వెనక సందులో, కింద భాగం. గుమ్మానికి ఒకటే గడప, చెక్క వేసుకోవచ్చు. వంటగది ఇరుకు. "సర్దుకుందాం" అంది. సర్దుకుందాం. ఆ ఒక్క మాటలో నేనూ ఉన్నాను.

జూన్ 5

ఈ రోజు మాస్టారు కొత్త ఇంటికి వచ్చారు. ఆయనకు చెప్పాలని అనుకుంటూనే ఉన్నాను. ఎవరి చేతనైనా చెప్పించాలన్న ఆలోచన కూడా వచ్చింది. అదీ రాస్తున్నాను.

నేను వాకిట్లో చక్రాల కుర్చీలో ఉన్నాను. ఉడత అరుగు మీద హోంవర్క్ చేసుకుంటోంది. మాస్టారు మునుపటిలా ఒళ్లు చేశారు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. మనవరాలిని సంగీతం క్లాసుకు బస్సులో దింపి ఇటే వచ్చారట. కూర్చోగానే నా కుడికాలు ఫుట్‌రెస్టు మీద టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

మాస్టారి మొహం వెలిగిపోయింది. "అబ్బ, ఎంత హుషారుగా ఉంది గురువుగారూ. ఇంకెంత, నెలా రెండు నెలలా?"

నేను గొంతు సవరించుకుంటున్నాను. ఈలోపు ఉడత పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెప్పేసింది.

"అది నాన్న కాదు తాతా. కాలు. దానంతట అదే కొట్టుకుంటుంది. నాన్న నడవడు."

పిల్లకు ఎప్పుడు తెలిసింది? వాళ్ల అమ్మ చెప్పి ఉంటుంది. ఎంత తేలిగ్గా అంది. లెక్క తప్పయితే దిద్దినట్టు.

మాస్టారు నవ్వబోయి ఆగారు. నా వైపు తిరిగారు.

"నిజమే మాస్టారూ" అన్నాను. "ఆ రోజు ఆస్పత్రిలో నేను తొడ గిల్లి కాలు లేపాను. అప్పటికే నాకు తెలుసు. మిమ్మల్ని మోసం చేశాను. మా ఆవిడనీ చేశాను. నన్ను క్షమించండి."

ఆయన తల వంచుకున్నారు. కాలు కొట్టుకుంటూనే ఉంది, ఆ చప్పుడు ఒక్కటే వాకిట్లో.

"ఆ రోజు నుంచే నేను అన్నం తింటున్నాను గురువుగారూ" అన్నారు.

ఆయన లేస్తే వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లిపోవడమే న్యాయం కూడా. ఆయన లేచారు. లేచి, ఎటు పోవాలో తెలియనట్టు నిలబడి, "ఇది ఆగదా మరి?" అన్నారు.

"ఇలా గట్టిగా అదిమితే ఆగుతుంది తాతా" అని ఉడత వచ్చి చూపించింది. "మోకాలి మీద. కిందికి. ఇంకా గట్టిగా. నాన్నకి నొప్పి తెలీదులే."

ఆ పెద్దాయన నా ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులూ నా కుడి మోకాలి మీద పెట్టి అదిమారు. సుద్దముక్కలు పట్టి పట్టి అరిగిన వేళ్లు. కాలు ఇంకో నాలుగు దెబ్బలు కొట్టుకుని నెమ్మదించింది. ఆగింది.

ఉడత మళ్లీ లెక్కల్లో పడింది. ఆయన చేతులు తియ్యలేదు. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూసి, పిలవకుండా లోపలికి వెళ్లి ఇంకో కుర్చీ తెచ్చి ఆయన వెనక వేసింది. ఆయన చూసుకోలేదు.

ఆ చేతులు ఎంత బరువుగా ఉన్నాయో, వెచ్చగా ఉన్నాయో, వణుకుతున్నాయో నాకు తెలియలేదు. చూస్తూ కూర్చున్నాను.